మ్యాపులో ఖాళీ చోటు

గాజు బల్ల మీద ఫోను గుర్రుమని కదిలితే ఇప్పటికీ నా వీపు నిటారవుతుంది. నిన్న కోరాపుట్ ఆఫీసులో వాన మొదలవగానే నా ఫోను అలా ఆగకుండా కదిలింది. వచ్చే ప్రతి కబురునూ దొంగను చూసినట్టు చూడడం నేర్పిన సన్యాసిరావు గారు గుర్తొచ్చారు.

రాయగడలో జిల్లా విపత్తుల కంట్రోల్ రూములో ఆయన నా పై అధికారి. ఆయన తండ్రి పాలకొండ నుంచి వచ్చి మునిసిపాలిటీలో నీళ్ల పంపు నడిపినవాడు. వానల రోజుల్లో జనం సోషల్ మీడియాలో పెట్టేవన్నీ ఏరి, ఎక్కడ రోడ్డు తెగిందో, ఎక్కడ నీళ్లొచ్చాయో ఆన్‌లైన్ మ్యాపులో ఎర్ర చుక్కలు పెట్టడం మా పని. ఆ చుక్కలను బట్టే సహాయానికి మనుషులు కదిలేవారు. నాకు ఆ మ్యాపంటే గర్వం. ఆయనకు అనుమానం. చుక్క పెట్టిన ప్రతిసారీ నా వెనక వచ్చి నిలబడేవారు.

"ఎవులు సూసేరమ్మీ?"

"గ్రూపులో వచ్చింది సార్."

"గ్రూపుకి కళ్లుంటాయేటి? మనిసి పేరు సెప్పు."

పేరు దొరక్కపోతే చుక్క తీసేయించేవారు. నా మీదే ఆయనకు నమ్మకం లేదనుకుని మొదటి నెలంతా లోలోపల ఉడికిపోయాను.

ఆ ఏడు శ్రావణంలో వాన మూడు రోజులు వదల్లేదు. మూడో రోజు పొద్దున్న ఎనిమిదికి, పద్మపూర్ దారిలో వంతెన కూలిందని పోస్టులు మొదలయ్యాయి. చూస్తుండగానే అక్కడ చుక్కలు గుత్తిగా పడ్డాయి. గుణుపూర్‌లో ఉండే మా తమ్ముడు కూడా అదే ఫోటో పంపాడు. ఉన్న ఒక్క సహాయక బృందం జీపెక్కి కూర్చుంది. సన్యాసిరావు గారు మాత్రం వెళ్లమనలేదు. మ్యాపులో లక్ష్మీపూర్ వైపు, జిల్లా అంచున ఉన్న కొండ పల్లె మీద వేలు పెట్టారు.

"ఇటేపు ఏటీ నేదేటి?"

"అక్కడ బాగానే ఉంది సార్. ఒక్క పోస్టూ లేదు."

ఆయన తలూపి, మళ్లీ మ్యాపులో వంతెన చుక్కల వైపు తిరిగారు. "మీ తమ్ముడు సూసేడా?"

ఫోను చేశాను. వాడు చూడలేదు. ఎవరో పంపితే పంపాడట.

"ఇంతమంది అబద్ధం చెబుతారా సార్?" అన్నాను విసుగ్గా.

"ఇంతమంది ఏటి? ఫోటో ఒక్కటే కదా. అందులో ఎండ కాస్తన్నాది సూడు. మూడ్రోజులై మనకి ఎండేదీ?"

వంతెన పక్కన టైర్ల కొట్టు నడిపే అతని నంబరు పట్టుకునేసరికి పదకొండయింది. తాను వంతెన మీదే నిలబడి మాట్లాడుతున్నానని, దానికేమీ కాలేదని చెప్పాడతను. ఆ చుక్కలన్నీ ఒక్కొక్కటే తీసేశాను. సన్యాసిరావు గారి మొహంలో గెలిచిన గర్వమేమీ లేదు. మ్యాపులో ఆ కొండ పల్లె వైపే చూస్తున్నారు.

"ఆ ఊళ్లో టీ కొట్టాయన రోజూ పొద్దున్నే కొండ ఫోటో పెడతాడు కదమ్మీ. ఇయాల పెట్టేడా?"

పెట్టలేదు. ఫోను కలవలేదు. ఆ ఊళ్లో ఎవరి ఫోనూ కలవలేదు. బృందాన్ని వెంటనే అటు పంపారు.

కొండచరియ జారి సగం వీధి మట్టి కింద ఉంది. బతికినవాళ్లందరూ బడిలో చేరారు. బృందం వాళ్లను కిందికి దించింది. గోడ కింద చిక్కిన ఒక ముసలామెను మాత్రం తీసేసరికే ప్రాణం పోయింది. పొద్దున్న పదింటి దాకా పిలిస్తే పలికిందని ఊరివాళ్లు చెప్పారట.

సాయంత్రం ఆయన నన్ను తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, మెల్లగా అన్నారు. "బాగానే ఉందన్నావు. నేను నమ్మీసేను. తప్పు ఇద్దరిదీనమ్మీ."

పోయినేడు ఆయన పోయారు. ఆ ముసలామె సంగతి మేమిద్దరం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. నిన్న ఇక్కడి కొత్త పై అధికారి నా మ్యాపు చూసి, బొయిపరిగుడ వైపు ఎలా ఉందని అడిగారు. అక్కడ ఒక్క చుక్కా లేదు. "తెలీదు సార్, అడిగి చెబుతాను" అన్నాను. ఆయనకది నచ్చలేదు. మూడు ఊళ్లకు ఫోను చేసి, మూడు చోట్లా మనుషుల గొంతు చెవిన పడ్డాకే బాగుందని చెప్పగలిగాను.