అటు తిరిగిన బండి

మా ఇంట్లో ఎవరికీ అక్షరం ముక్క రాదు. అయినా మా అక్కకు ఏటా ఉత్తరం పోయేది. అది కాగితం కాదు, తువ్వాలు.

బస్తర్‌లో రాజుగారి పాలన నడిచిన రోజులవి. కిష్టారం దగ్గరి మా పల్లెలో నాయన గుడ్డల మీద అద్దకం వేసేవాడు. ఇనుప తుప్పూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లలో చెక్క అచ్చును ముంచి, కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద అద్దితే, కళ్లముందే నల్లగా బొమ్మ లేచేది. అక్కను శబరి ఏటి అవతలి ఊరికిచ్చాక అమ్మ బెంగతో అన్నం మానేసింది. అప్పుడు నాయన ఈ ఉపాయం కనిపెట్టాడు. తువ్వాలుకు ఎడమ చివర మా ఇల్లు, కుడి చివర ఈతచెట్ల కింద అక్క ఇల్లు, నడుమ మెలికలుగా ఏరు. మా ఇంటికీ ఏటికీ మధ్య ఆ ఏడాది కబుర్లన్నీ వరసగా అద్దేవాడు. ఆవు ఈనితే దూడ, పెరట్లోకి ఎలుగు వస్తే ఎలుగు. ఒకసారి నేను ఇప్పచెట్టు మీంచి పడితే కాళ్లు పైకీ తల కిందికీ పెట్టి నా బొమ్మే చెక్కాడు, మహానుభావుడు! వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

ఏటి పక్కన చివరగా బండి పడేది. ఎద్దుల మూతులు అక్క ఇంటివైపు ఉంటే మేమొస్తున్నామని. మా ఇంటివైపు ఉంటే నువ్వే రా అని.

నోటిమాటగా చెప్పి పంపొచ్చు కదా అంటారేమో. ఆ తువ్వాలు ఉప్పు వర్తకుడి చేతి నుంచి మూడు సంతలు మారి అక్కను చేరేది. మాట మూడు నోళ్లు దాటేసరికి ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? అచ్చు మారదని మా ధీమా.

నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మ మంచం పట్టింది. నాయన మందిచ్చే ముసలాయన కోసం పక్క ఊరికి పోయిన పొద్దునే ఉప్పు వర్తకుడు మా వాకిట్లో ఆగాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కను రమ్మని అద్దవే బిడ్డా. ఒక్కసారి దాని మొకం చూస్తే సాలు."

రమ్మనే బండి అచ్చు తీస్తే చెదలు తినేసి ఉంది. అక్క పోయినేడు కప్పుకొచ్చిన పాత తువ్వాలు ముందు పెట్టుకుని, దాని మీది రమ్మనే బండిని చూసింది చూసినట్టు చెక్కేశాను. ఎంత గర్వమో! ముందుగా నాయన అచ్చులతో ఇళ్లూ ఏరూ, మంచం మీద మనిషీ వేసి, పక్కనే నా బండిని అద్దాను. చెయ్యి తీసి చూశాను. ఎద్దులు అక్క ఇంటివైపు తిరిగి ఉన్నాయి.

చెక్క మీద ఇటు చూసేది గుడ్డ మీద అటు చూస్తుందని నాయన వందసార్లు చెప్పాడు. అప్పటిదాకా నాతో పువ్వులే చెక్కించాడు. పువ్వు ఎటు తిప్పినా పువ్వే, ఆ మాట నా చెవికెక్కితేగా!

"ఏందమ్మా, ఎద్దులు ఎండల నిలబడ్డయి. ఇస్తవా, పోవాల్నా?" అని బయట వర్తకుడు కేకేశాడు. నానబెట్టిన గుడ్డ ఇంకొకటి లేదు. పడిన నలుపు పోదు. మంచం మీద అమ్మను చూస్తే అక్క పరుగెత్తుకు రాదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తువ్వాలు మడిచి ఇచ్చేశాను.

"బండి ఇటే వస్తున్నదా?" అని అడిగింది అమ్మ.

"వస్తున్నదమ్మా."

ఆ తర్వాత దారిలో ఏ బండి చప్పుడైనా అమ్మ తల ఎత్తి చూసేది. చివరికి తల ఎత్తలేక నన్ను చూడమనేది. నేను పోయి చూసొచ్చి, మనది కాదమ్మా అనేదాన్ని. అలా చూస్తూ చూస్తూనే పోయింది.

కబురంది అక్క వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. భుజం మీద ఆ తువ్వాలే ఉంది.

"అమ్మను బండిల నా దగ్గరకు తోలుకొస్తున్నరనుకున్న నాయనా. మంచానికి కొత్త నులక అల్లిన. మీరొచ్చినంక నేను ఇంట్ల లేకుంటె ఎట్ల అని ఊరు కదల్లే. రోజూ ఏటి ఒడ్డుకు పోయి నిలబడ్డ."

నాయన తువ్వాలు విప్పి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"తొందరల నేనే తప్పు చెక్కిన బిడ్డా," అన్నాడు అక్కతో.

ఆయన అబద్ధమాడగా వినడం అదొక్కసారే. నేను నోరు విప్పలేదు. అక్క బతికి ఉన్నన్నాళ్లూ విప్పలేదు. పాపిష్టిదాన్ని, ఎన్నిసార్లు నాలుక చివరిదాకా వచ్చిందో!

ఆ అచ్చు ఇంకా నా దగ్గరే ఉంది. మొన్న తీసి కాగితం మీద అద్దాను. ఎద్దులు ఇప్పటికీ అక్క ఇంటికే పోతున్నాయి. ఆ రోజుల్లో అమ్మను నిజంగానే బండెక్కించి ఉంటే అని ఏడుపొచ్చింది. ఒడ్డున అక్క నిలబడే ఉంది కదా.