ముందు తలుపు తియ్యని తైస్తో

మా ఇనుప గనుల ఊళ్లో ఒకరి పరువు పోయినప్పుడు మిగతావాళ్లు చేసే గొప్ప మర్యాద ఏమిటంటే, చూడనట్టు ఉండటం. ఆ మర్యాదతోనే నేను తైస్తో కంగాస్ కొంప ముంచబోయాను.

తైస్తో మా పక్కింటాయన. ముప్పయ్యొక్కేళ్లు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. వారానికి పది మాటలు మాట్లాడతాడు, అందులో నాలుగు కుక్కతో. భార్య ఐరీన్ వైద్యానికి ఇంటిమీద రెండోసారి అప్పు చేశాడు. ఐరీన్ దక్కలేదు, అప్పు మాత్రం ఉండిపోయింది. వేలం ప్రకటన చట్టప్రకారం ఆరు వారాలు మా ఊరి పేపర్లో పడింది. ఊరంతా చదివింది. చదవనట్టు నటిస్తూ ఊరంతా ఆయనకు యాలకుల రొట్టె పంపింది. ఆ నెలలో ఆయన కుక్క బాగా ఒళ్లు చేసింది.

నవంబరులో షెరీఫ్ ఆఫీసులో వేలం జరిగింది. మినియాపొలిస్ నుంచి వచ్చిన డెల్మర్ క్రౌస్ అనే మనిషి ఇల్లు పాడుకున్నాడు, అదీ సగం ధరకి. అయితే మా మిన్నెసోటా రాష్ట్రంలో వేలంతో కథ అయిపోదు. పాత యజమానికి ఆరు నెలల గడువుంటుంది. పాట సొమ్ము, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే ఇల్లు మళ్లీ ఆయనదే. అంతదాకా అద్దె లేకుండా అందులోనే ఉండొచ్చు. తనే మంచి ధరకు అమ్ముకుని, వేలంలో కొన్నవాడికి ఇవ్వాల్సింది ఇచ్చేసి, మిగిలింది తన దగ్గర ఉంచుకోవచ్చు. తైస్తో ఆశంతా దానిమీదే. కానీ మంచు కరిగితే తప్ప మా ఊళ్లో ఇల్లు కొనేవాడు ఉండడు. అందుకని మే నెలదాకా గడువు నిలవాలి. నిలవకపోతే ముప్పయ్యేళ్ల కష్టం క్రౌస్ పాలవుతుంది.

చట్టంలో ఒక మెలిక ఉంది. ఇల్లు వదిలేసి వెళ్లిపోయారని తేలితే, కోర్టు ఆ గడువును ఐదు వారాలకు కుదించేస్తుంది.

తైస్తోకు ఆ మెలిక తెలియదు. తెలిసిందల్లా సిగ్గుపడటం. వేలం మర్నాటినుంచి ముందు తలుపు తియ్యడం మానేశాడు. ముందు గదిలో దీపం వెయ్యడు, వీధి దారిలో మంచు తియ్యడు. వెనక వంటింట్లో కిటికీకి దుప్పటి కట్టుకుని కూర్చునేవాడు. అమ్ముడైపోయిన ఇంట్లో కనపడటం పద్ధతి కాదని ఆయన ఉద్దేశం.

డిసెంబరులో క్రౌస్ వచ్చి, మోకాలిలోతు మంచును, చీకటి కిటికీలను ఫొటోలు తీసుకుని మా తలుపు కొట్టాడు.

"పక్కింట్లో ఎవరన్నా ఉంటున్నారాండీ?"

"ఏమోనండీ, నేనెవర్నీ చూళ్లేదు," అన్నాను.

అరగంట కిందటే తైస్తో కట్టెలు మోసుకెళ్లడం చూశాను. పరువు కాపాడానని ఆ రోజంతా నా మీద నాకే మురిపెం.

జనవరిలో షెరీఫ్ మనిషి వచ్చి ముందు తలుపుకి కాగితం అంటించి వెళ్లాడు. వారమైనా అది అలాగే ఉంది. ఉండబట్టలేక మంచులో దిగబడుతూ వెళ్లి చదివాను. ఇల్లు ఖాళీ అని క్రౌస్ కోర్టుకెక్కాడు. సాక్ష్యం, పొరుగింటి లోయిస్ మాట. లోయిస్ అంటే నేనే.

వెనకనుంచి వెళ్లాను. తైస్తో కాఫీ తాగుతున్నాడు.

"నీ ముందు తలుపుమీద కాగితం ఉంది."

"అటు పోను."

"అందుకే నువ్వు లేవంటున్నారు. బుధవారం కోర్టుకొచ్చి ఉన్నానని చెప్పకపోతే ఐదు వారాల్లో రోడ్డు మీదుంటావు."

"లేనని ఎవరు చెప్పారట?"

"నేనే."

ఆయన కప్పు కింద పెట్టాడు. "నువ్వా?"

"నీ పరువు పోకూడదని."

"బాగానే కాపాడావు," అన్నాడు, కుక్కను చూస్తూ.

బుధవారం కోర్టులో సగం ఊరుంది. అందరికీ ఆ రోజే అక్కడ ఏదో వేరే పని పడిందట. జడ్జిగారు అడిగింది ఒకే ప్రశ్న.

"కంగాస్ గారూ, మీరు ఆ ఇంట్లో ఉంటున్నారా?"

తైస్తో చెవులు ఎర్రబడ్డాయి. మెడ దించుకున్నాడు.

"ఉంటున్నాను," అన్నాడు. "అప్పు కట్టలేకపోయాను. ఇల్లు వేలమైంది. అయినా ఉంటున్నాను."

వారం మాటలన్నీ ఒక్కసారే వాడేశాడు.

తర్వాత జడ్జిగారు నావైపు తిరిగారు. "మరి ఎవర్నీ చూడలేదన్నారేం?"

"చూశానండీ. చూశానని చెబితే బాగుండదని చెప్పలేదు."

ఆవిడా మా ఊరి మనిషే. ఇంకేమీ అడగకుండా దరఖాస్తు కొట్టేశారు. క్రౌస్ మాత్రం, ఇదేం ఊరన్నట్టు అందర్నీ ఎగాదిగా చూశాడు.

ఆ సాయంత్రం తైస్తో ఇంట్లో ప్రతి గదిలోనూ దీపం వెలిగింది. ఆయన పార పట్టుకుని ముందు మెట్లనుంచి వీధిదాకా మంచు ఎత్తిపోశాడు. కరెంటు బిల్లు తడిసి మోపెడయినా ఆ దీపాలు ఏప్రిల్ దాకా ఆర్పలేదు. ఏప్రిల్‌లో బడి టీచర్లయిన ఒక జంటకు ఇల్లు నచ్చింది. వాళ్లిచ్చిన సొమ్ముతో తైస్తో గడువుకి తొమ్మిది రోజుల ముందు షెరీఫ్ ఆఫీసులో డబ్బు కట్టేశాడు. క్రౌస్‌కి అసలూ వడ్డీ ముట్టాయి. మిగిలినదాంతో తైస్తో లైబ్రరీ వెనక రెండు గదులు తీసుకున్నాడు. ఇల్లు దక్కించుకోవడానికి అంత పోరాడింది, దాన్ని తన చేత్తో అమ్ముకోవడానికే.

వెళ్లే రోజున పెట్టె, కుక్కతో ముందు తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. నేను అలవాటు కొద్దీ తల తిప్పుకుని తీగమీద దుప్పట్లు సర్దుతున్నాను.

"లోయిస్," అన్నాడు. "ఇటు చూడు. వెళ్తున్నాను."

చూశాను.