పెదనాయన అడగని ఉద్యోగం

తెల్లవారినప్పటి నుంచి సన్న తుంపర. గుజ్జు ఫ్యాక్టరీకి పంపాలని తోతాపురి కాయలు ట్రాక్టరుకు ఎత్తుతున్నాం. అప్పుడే పెదనాయన పోయాడని ఫోన్ వచ్చింది. కాయల మీద పట్ట కప్పించి, పూతలపట్టు దగ్గరున్న ఆయన ఊరికి బయలుదేరాను.

నాకు మామిడి అంటు కట్టడం నేర్పింది ఆయనే. ఈ తోటంతా ఆ చేతి చలవే. కానీ ఆయన చివరి ఏళ్లు తోటలో గడవలేదు. చిత్తూరులో ఒక నాయకుడి ఇంటి వరండాలో గడిచాయి. ఆయన కూతురు, నాకు చెల్లెలు, నర్సు చదివింది. ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు ఉద్యోగానికి నాయకుడు ఒక మాట చెప్పాలి. పరుపు కింద మడతపెట్టిన తెల్లచొక్కా వేసుకుని, సంచినిండా మంచి కాయలు పట్టుకుని పోయేవాడు. కాయలు లోపలికి పోయేవి. ఆయన బయటే ఉండేవాడు.

"మొగం గుర్తుండాల గదప్పా. గుర్తుంటే పని అదే అవుతాది" అనేవాడు.

నాయకుడు ఎదురుపడేది చావు ఇళ్లలోనే. మా వైపు ఎవరు పోయినా పరామర్శకు వస్తాడు. ఒకసారి మా వీధిలోనే ఒక చావింటి ముందు పెదనాయన భుజం మీద చెయ్యేసి, "బాగుండావా పెద్దాయనా?" అన్నాడు. నేను మోచేత్తో పొడిచాను.

"బాగుండాను సార్" అని పెదనాయన ఊరుకున్నాడు.

"ఆయనే పలకరించినాడు గదా! అడిగేదానికేం?" అని తర్వాత అరిచాను.

"శవం ఎత్తకముందే ఉద్యోగమడిగితే నేనేం మనిషినిరా? సావింట్లో అడగకూడదు."

ఊరి ముసలమ్మల పింఛన్ల కోసం మండలాఫీసులో గొంతు చించుకునే మనిషి ఆయన. కూతురి పనికి మాత్రం నోరు లేవలేదు. నాకు ఇప్పటికీ కోపమే.

దినాలకు ముందు నాయకుడు ఆయన ఇంటికీ వచ్చాడు. ఫొటోకు దండ వేసి, "మంచి మనిషి. ఏమన్నా కావాలంటే చెప్పండమ్మా" అన్నాడు. పెద్దమ్మ తల వంచుకుంది. కూతురు లేచి నిలబడింది.

"నర్సు ఉద్యోగం కావాల సార్. దానికోసమే మా నాయన మీ వరండాలో కూసున్నాడు."

"ఊరుకోవే! ఇదా అడిగే టయిం?" అంది పెద్దమ్మ.

"ఇంటికి రామ్మా, మాట్లాడదాం" అన్నాడు నాయకుడు.

"ఇంటికే గదా సార్ ఆయనొచ్చింది. ఈడ్నే చెప్పండి. అవుతాదా, కాదా?"

నాయకుడు గడప దాటి చెప్పులు వేసుకున్నాడు. "ఇప్పట్లో కష్టమమ్మా."

"ఈ మాట ముందే చెప్పింటే మా నాయన ఇంటిపట్టున ఉండేవాడు సార్."

నాయకుడు పదకొండు గంటలకు వెళ్లిపోయాడు. దినాలు కాగానే, సోమవారం మొదటి బస్సుకు చెల్లెలు వేలూరులో ప్రైవేటు ఆసుపత్రి పనికి వెళ్లింది.