పెట్టె అడిగిన నిమిషాలు

బట్టలుతికే మిషన్‌లోంచి వెచ్చటి సబ్బునీళ్ల వాసన వస్తే చాలు, నాకు స్వరూప గుర్తొస్తుంది. తెలంగాణ వచ్చిన కొత్తలో, నల్గొండ పక్కన మేము సబ్బునీళ్లలో పట్టునూలు ఉడికించే షెడ్డుకు యంత్రాలు చూసే మేడంగా వచ్చింది. మగ్గం ఇంటి బిడ్డ, నాకంటే ముప్పై ఏళ్లు చిన్నది. తొట్టి వేడిని నడిపే చిన్న పెట్టెకు బేసిక్ భాషలో ప్రోగ్రాం రాసింది నేనేనని ఊళ్లో చెప్పుకుంటాను. అబద్ధం. రాసింది ఆమె, నేను పక్కన నిలబడి బటన్లు నొక్కాను.

"చూడు కాకా," అంది మొదటిరోజే. "ఇన్‌పుట్ అన్న లైను కాడికి రాంగనే పెట్టె ఆగుతది. నువ్వు అంకె చెప్పేదాంక కదలదు. ఏది చెప్తే అది నమ్ముతది."

"అయితే నా దోస్తే. మా ఇంట్ల నన్ను నమ్మెటోళ్లే లేరు," అన్నాను.

ఒక పొద్దున ఆలేరు నుంచి ఒక అవ్వ తెచ్చిన నూలు తొట్టిలో ఉంది. జిగురు వదలడానికి నలభై ఐదు నిమిషాలు ఉడకాలి. ఎక్కువైతే పోగు చచ్చి, మగ్గం మీద పుటుక్కున తెగుతుంది. ఆ ఇంటి కొన్ని నెలల బతుకు ఆ తొట్టిలోనే ఉంది. నడుమ ఫ్యూజు పోయింది. కొత్తది వేయగానే పెట్టె జరిగిందంతా మరిచి, ఇంకా ఎన్ని నిమిషాలని అడిగింది.

"ఎంతసేపు ఉడికింది, కాకా?" స్వరూప ఉరికొచ్చింది.

"ఇరవై," అన్నాను టక్కున.

ఆమె వేలు ఇరవై ఐదు నొక్కబోయింది. తలుపు దగ్గర అవ్వ ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది. నేను స్వరూప చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఆగు బిడ్డా. నేను చాయ్ తాగనీకి పోయిన. ఎప్పుడు బందయిందో నాకు తెల్వదు."

తిడుతుందనుకున్నాను. స్వరూప ఏ అంకే నొక్కకుండా, కట్టెతో ఒక నూలు చుట్ట ఎత్తి చల్లార్చి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ పోగును వేళ్ల మధ్య రుద్దింది.

"ఇంక జర జిగురున్నది. పాన్ నమిలేంత సేపు ఉంచి తియ్యి."

"పాన్ అంటే ఎన్ని నిమిషాలవ్వా?"

"గా పెట్టెను నమలమను, తెలుస్తది."

స్వరూప నవ్వుతూ ఎనిమిది నొక్కింది. నూలు దక్కింది.

ఆ మధ్యాహ్నమే నన్ను కూర్చోబెట్టి ప్రోగ్రాంలో రెండు లైన్లు కలిపింది. గడిచిన ప్రతి నిమిషాన్నీ బ్యాటరీ మీద బతికే మెమరీలో దాచాలి. కరెంటు రాగానే ముందు అక్కడ చూడాలి, అక్కడ లేకపోతేనే మనిషిని అడగాలి.

"మనిషిని ఆఖరుకు పెట్టినవేంది?"

"చాయ్‌కి పోతడు గద, కాకా."

ఫ్యూజు మేమే పీకి మళ్లీ పెట్టాం. తెర మీద పీకినప్పటి పదిహేడో నిమిషం అలాగే ఉంది. అరవై దాటిన మనిషిని, షెడ్డంతా ఉరికి అందరినీ పిలుచుకొచ్చాను.

స్వరూప తర్వాత మహబూబ్‌నగర్ దిక్కు మరో మిల్లుకు వెళ్లిపోయింది. నేను ఇప్పటికీ కోతలు కోస్తాను. కానీ నా జవాబు మీద ఏదైనా ఆధారపడితే మాత్రం నోరు కాసేపు ఆగుతుంది. మొన్న దవాఖానలో డాక్టరు, బీపీ తగ్గలేదేమని, గోళీలు రోజూ వేసుకుంటున్నావా అని అడిగాడు.

"లేదు సార్. నాలుగు రోజులు మరిచిన," అన్నాను.

అప్పటికే పెద్ద మోతాదు రాసిన చీటీని ఆయన చింపేసి, పాత గోళీలే మళ్లీ రాశాడు.