యూనివర్సల్ రిమోటూ, మా అక్క పాటా

పొద్దున మా కోడలు సోఫా కింద చీపురు తిప్పుతుంటే దుమ్ముతోపాటు ఒక నల్లని వస్తువు బయటికొచ్చింది. మా అబ్బాయి ఒకప్పుడు కంటికి రెప్పలా చూసుకున్న యూనివర్సల్ రిమోటు అది. వెనక మూత కూడా ఊడిపోయింది. పారేయమంటారా అని కోడలడిగితే, ఆ భాగ్యమేదో నాకే ఇవ్వమన్నాను. ఒక ప్లాస్టిక్ ముక్క మీద ఇంత కసి ఏమిటని మీరనవచ్చు. నా ఈడువాళ్లయితే విన్నాక అలా అనరు.

సూరత్‌కు వచ్చిన కొత్తలో నేను డిండోలి వాడలో మా అక్కాబావల దగ్గర ఉండేవాణ్ని. బావా నేనూ ఒకే కార్ఖానాలో మరమగ్గాలు, మా భాషలో సాంచాలు, నడిపేవాళ్లం. ఆ మోతకు మా చెవులు మెల్లమెల్లగా మొద్దుబారిపోవడం మాకే తెలియలేదు. ఇంట్లో ఎవరో వాడి వదిలేసిన టీవీ ఒకటుండేది, దాని పిడి విరిగిపోతే పటకారుతో చానలు మార్చుకునేవాళ్లం, గొంతు పూర్తిగా పెంచినా మాకు చాలేది కాదు. “చెవులల్ల దూది పెట్టుకున్నరా ఏంది, గల్లీ మొత్తం మన ఇంట్ల సినిమానే వింటున్నది” అని అక్క తిట్టేది. నిజానికి టీవీ కంటే ఆమె గొంతే పెద్దది. బతుకమ్మ నాడు ఆ వాడలో మన తెలుగు ఆడవాళ్లందరూ ఆమె ఎత్తుకునేదాకా పాట మొదలుపెట్టేవాళ్లు కారు. ఒక ఏడు, ఫొటో స్టూడియో నడిపే పక్కింటాయన ముచ్చటపడి ఆ ఆటనంతా వీడియో తీసిపెట్టాడు.

తర్వాత అక్క పోయింది. బావకు వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. నేను అదే ఊళ్లో, అల్థాన్‌లో మా అబ్బాయి ఫ్లాటుకు చేరాను. కంప్యూటరు ఉద్యోగం చేసే మా వాడికి ఉన్నట్టుండి హోమ్ థియేటర్ పిచ్చి పట్టుకుంది. గోడంత టీవీ, నలుమూలలా స్పీకర్లు, బీరువాలా బరువైన యాంప్లిఫయరు, డిస్కులు వేసే పెట్టె, చానళ్ల పెట్టె, దేనికి దానికే ఒక రిమోటు. ఇన్ని రిమోట్లతో బతుకు దుర్భరమైపోయిందట! పన్నెండు గంటలు నిలబడి సాంచాలు నడిపిన నా ముందే అన్నాడా మాట. అన్నిటికీ కలిపి ఒకే రిమోటు కావాలని వెతకడం మొదలుపెట్టాడు. ఎవడో పరాయిదేశపువాడు రిమోటును పసిబిడ్డలా రెండు చేతుల్లోకి తీసుకుని మురిసిపోతుంటే, ఆ వీడియోలను మా వాడు నోరు తెరుచుకుని చూసేవాడు. తోటి ఇంజనీర్లను పిలిచి, మీటల కింద దీపం ఉండాలా వద్దా అని మా ఇంట్లో సభ పెట్టాడు. తన పెళ్లికి పిల్లను చూడ్డానికి వెళ్లినవాడు టీ చల్లారకముందే సరే అన్నాడు, అది వేరే సంగతి.

చివరికి ఆ మహానుభావురాలు ఇంటికొచ్చింది. దానికి ఒక్కో యంత్రాన్నీ పరిచయం చెయ్యాలట. ఒక మీట నొక్కిపట్టి టీవీ వైపు చూపిస్తూ కూర్చోవాలి, టీవీ ఆరిపోయిన క్షణంలో వేలు తియ్యాలి, ఆలస్యమైతే మళ్లీ మొదటికి రావాలి. మా వాడు ఎప్పుడూ ఆలస్యమే. ఆ తంతంతా ముగించి, ఒక్క మీటతో అన్నీ మేలుకునేలా చేశానని చాటాడు. మేలుకున్నాయి కూడా. కాకపోతే ఏదైనా ఒకటి ముందే వెలిగి ఉంటే, మిగతావి వెలిగినప్పుడు అది ఆరిపోయేది. అంత తెలివిగలదని తెచ్చుకున్న వస్తువుకు, ఎదురుగా ఉన్న టీవీ వెలుగుతోందో లేదో తెలియదు!

సరిగ్గా అప్పుడే బావ వచ్చాడు. అక్క బతుకమ్మ కేసెట్టును ఆయన కూతురు డిస్కులోకి ఎక్కించి ఇచ్చింది. పెద్ద టీవీలో భార్యను చూసుకోవాలని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ డిస్కును గుండెకు ఆనించుకుని వచ్చాడు. మా వాడికి పండగే అయింది. అందరినీ కూర్చోబెట్టి మీట నొక్కితే స్పీకర్లు గుర్రుమన్నాయి, టీవీ ఆరింది. మళ్లీ నొక్కితే టీవీ వెలిగింది, డిస్కు బయటికొచ్చింది. “బాపూ, జర రుకో, సెట్టింగ్ అయితున్నది” అంటాడు నాతో. బావ మాత్రం ఆ నల్లటి తెర మీంచి కన్ను తిప్పలేదు.

ఎట్టకేలకు బొమ్మ వచ్చింది. పట్టుచీరలో అక్క. ఆమె నోరు తెరవగానే మా వాడు ఆపేశాడు, వెనక స్పీకరు తక్కువగా ఉందట. మళ్లీ తెరిచింది, మళ్లీ ఆపాడు, ఈసారి చప్పట్లలో దమ్ము లేదట. చచ్చిపోయిన మేనత్త పాడబోతుంటే వీడు ఆమె గొంతుకు రంగులు వేస్తున్నాడు. నాకు ఒళ్లు మండి నోరు తెరవబోయాను. ఈలోగా బావ లేచాడు.

“అరే, ఆమెను పాడనియ్యవా?” అన్నాడు, చెవిటివాళ్ల పెద్ద గొంతుతో.

వెళ్లి టీవీ ముందు నేల మీద చతికిలబడి, మధ్య స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు. మా వాడు పాట వదిలాడు, కాసేపాగి చెయ్యి ఊరుకోక మళ్లీ నొక్కాడు. పనిచెయ్యలేదు. బావ వీపు అడ్డంగా ఉంది మరి. కుడికి జరిగాడు, ఎడమకు వంగాడు, సోఫా ఎక్కి నొక్కాడు. “మామా, థోడా హటో” అని బతిమాలాడు. బావకు వినపడదు. వినపడినా జరిగేవాడని నేననుకోను. అక్క మొదటి నుంచి చివరిదాకా పాడింది. బావ ఆమె పెదవులనే చూస్తూ, స్పీకరు మీద వేళ్లతో చప్పట్ల తాళం వేస్తూ, తనూ పెదవులు కదిపాడు. కోడలు కొంగుతో కళ్లొత్తుకుంది. మా వాడు సోఫా మీంచి మెల్లగా దిగి, రిమోటును పక్కన పడేసి, బావ వెనక నేల మీద కూర్చున్నాడు.

మొన్న బతుకమ్మకు బావను చూడ్డానికి డిండోలి వెళ్లాను. వాడలో మనిషెత్తు పెట్టెలు పెట్టి డీజే మోగిస్తున్నారు. ఎవరూ పాట ఎత్తుకోనక్కరలేదు, ఎవరూ అందుకోనక్కరలేదు. కొత్త చీరల్లో పిల్లలు అందంగానే తిరుగుతున్నారు, చప్పట్లు కొడుతున్నారు, ఒక్కరి నోరూ కదలడం లేదు. బావ అరుగు మీద కూర్చుని వాళ్ల ముఖాలను ఒక్కొక్కటే వెతికి వెతికి, నా వైపు తిరిగాడు.

“ఏంది బామ్మర్దీ, పాట ఇంక షురూ చెయ్యలే?”

ఆయన్ను లేపి తీసుకెళ్లి, ఆయన అరచేతిని ఆ డీజే పెట్టె మీద ఆనించాను.