పువ్వు అయినంక రమ్మన్నాను

ఆ రోజుల్లో మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో అన్నిటికీ కొరతే. కిరసనాయిలుకు క్యూ, చక్కెరకు క్యూ. అహేరి నుంచి వచ్చే సర్కారు ఎస్టీ బస్సు దారిలో ఆగిపోతే పేపరు మూడో రోజున చదువుకునేవాళ్లం. ఒక్క అసూయకు మాత్రం ఎప్పుడూ లోటు రాలేదు. అది రేషన్ కార్డు లేకుండానే దొరికేది, నేను నా వాటా కంటే కాస్త ఎక్కువే తెచ్చుకునేదాన్ని. అరవైకి దగ్గర పడ్డాను కాబట్టి ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు. పదిహేడేళ్ల వయసులో ఒక ఫుట్‌బాల్ సీజనంతా నేను బంతిని తన్నింది తక్కువ, కుళ్లుకున్నది ఎక్కువ.

ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఏమిటి, అదీ సిరొంచలో ఏమిటి అని మీరు అడగవచ్చు. మా బాపమ్మ కూడా రోజూ అదే అడిగేది. జిల్లాలో ఆడపిల్లల జట్లన్నిటినీ రెండుగా చేసి, పెద్ద ఊళ్లను ‘ఏ’లోనూ మాలాంటి వాళ్లను ‘బీ’లోనూ వేశారు. బీలో మొదట నిలిచిన జట్టు మరుసటేడు ఏలోకి ఎక్కుతుంది, ఎక్కితే చంద్రపూర్ వెళ్లి ఆడొచ్చు. మాకు ఆట నేర్పే మరాఠీ సార్‌ను సీటీ సార్ అనేవాళ్లం, ఎందుకంటే మెడలో ఈల లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు (పెళ్లి ఫోటోలో కూడా ఉందని మా గోల్‌కీపర్ గోడక్క ఒట్టేసి చెప్పేది). ఆ జట్టులో సెంటర్ ఫార్వర్డ్‌ను నేను. తొమ్మిదో నంబరు జెర్సీ నాది. ఆట బాగా వచ్చినందుకు కాదు, బంతి మాది కాబట్టి. బాపు మా కిరాణా దుకాణానికి సరుకు తేవడానికి చంద్రపూర్ పోయినప్పుడు, బెల్లం బుట్టల మధ్య పెట్టి తెచ్చిన తోలు బంతి అది. దాని కుట్లు ఊడినప్పుడల్లా బాపమ్మ గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకుని, "ఆడివిల్ల కాలుతోని తన్నేదానికి నేను కుట్లెయ్యాల్నా, ఏం కాలమొచ్చెనే" అని తిడుతూనే గట్టిగా కుట్టిపెట్టేది. బంతి ఇచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టే సార్ ఎక్కడుంటాడు చెప్పండి?

అట్లా నా రాజ్యం సాగుతుండగా జింగి వచ్చింది. జింగనూర్ అడవి నుంచి మా ఊరి హాస్టల్‌కు కొత్తగా వచ్చిన పిల్ల, ఊరి పేరే ఆమెకు పేరైపోయింది. మొదటి రోజు మైదానం అంచున నిలబడి చూస్తుంటే సార్ "నువ్వు కూడ రా పోరీ" అని పిలిచాడు. వచ్చింది. బూట్లు లేవు. గోడక్క విసిరిన బంతిని ఉత్తికాలితో ఆపి, ఒకసారి అటు చూసి, ఒకసారి ఇటు చూసి, అంత దూరం నుంచి తన్నింది. గోడక్క కదిలే లోపే అది గోల్‌లో పడి వెనుక తుమ్మచెట్లలోకి పోయింది. సార్ సీటీ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. నేను మాత్రం "అరె, నా బంతికి ముళ్లు గుచ్చుకుంటయి!" అని అరిచాను. ఆ సాయంత్రం నా నోటికి తోచిన మంచిమాట అదొక్కటే.

వారం తిరగకుండా జింగి సెంటర్ ఫార్వర్డ్, నేను లెఫ్ట్ అవుట్. మా మైదానంలో ఆ ఎడమ మూలకు బంతి కంటే మేకలే ఎక్కువ వచ్చేవి. నేను అక్కడ నిలబడి మేకలను తోలుతూ, నా జెర్సీ ఇంకొకరి వీపు మీద ఉరకడం చూస్తూ ఉండేదాన్ని. ఆ పిల్లలో నేను ఓర్వలేనిది ఒకటని కాదు. ఆమె జడ ఊడేది కాదు, నాది ఊడేది. ఆమెకు ఆయాసం వచ్చేది కాదు. నాకంటే పెద్దదో చిన్నదో తెలియకుండానే నన్ను "అక్కా" అనేది, అదొక మంట. చివరికి సొంత బాపమ్మ కూడా ఒకరోజు గోడ మీంచి ఆట చూసి వచ్చి, "ఆ పిల్ల ఎట్ల ఉరుకుతదే, లేడి తీరు! నువ్వురికితే అటుక మీది సామాన్లు ఊగుతయి" అంది. ఆ రాత్రి నేను అన్నం సగంలో లేచాను. ఎవరూ బతిమాలలేదు.

సీజన్ మొదలైంది. ప్రతి మ్యాచ్‌కు ముందు దేవునికి దండం పెట్టుకునేదాన్ని, జట్టు గెలవాలి, జింగి గోల్ కొట్టకూడదు అని. దేవుడు మొదటి సగమే వినేవాడు. మూడు మ్యాచులు గెలిచాం, మూడింటిలోనూ గోల్స్ ఆమెవే. ఇక మిగిలింది అహేరిలో, అహేరి జట్టుతోనే. అది గెలిస్తే మేం ‘ఏ’లోకి ఎక్కుతాం. అప్పుడు వచ్చింది ఇప్పపువ్వు కాలం, జింగి హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లిపోయింది.

మా వైపు అడవి ఊళ్లలో ఎవరి ఇప్పచెట్లు వాళ్లవి. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. చెట్టు కింద ఆకులు కాల్చి ఊడ్చి పెట్టుకుని, చీకటితోనే పోయి ఏరుకోవాలి. ఆలస్యమైతే పశువులు తింటాయి, అడవిపందులు తింటాయి. ఆ కొద్ది వారాల పువ్వే వాళ్లకు ఏడాదికి ఆసరా. జింగి ఇంట్లో ఏరేది తల్లీ తనూ ఇద్దరే. ఆ ఊరికి ఫోన్ లేదు, ఉత్తరం వేస్తే మ్యాచ్ అయిపోయాక చేరుతుంది. కబురు పంపాలంటే అంగడి రోజున మా దుకాణానికి పువ్వు అమ్మడానికి వచ్చేవాళ్లతోనే పంపాలి. అందుకని సార్ ఆ పని నాకే అప్పగించాడు. "ఆదివారం మ్యాచ్. శనివారం పొద్దుగాల బస్టాండ్ల ఉండాలె. ఏ పని ఉన్నా ఇడిసిపెట్టి రావాలె. గట్టిగ చెప్పు" అన్నాడు.

అంగడి రోజు జింగనూర్ నుంచి బుట్ట తాత వచ్చాడు (తలమీద బుట్ట లేకుండా నేను ఆయన్ని గుర్తుపట్టేదాన్ని కాదు). బాపు పువ్వు తూస్తున్నాడు. నేను తాతను పక్కకు పిలిచాను. గట్టిగా చెప్పాలనే నోరు తెరిచాను, నిజం. కానీ కళ్ల ముందు తొమ్మిదో నంబరు జెర్సీ కనపడింది.

"తాతా, మీ ఊరి పిల్లకు, మాతోని బంతాడుతది గదా, ఆమెకు ఓ మాట చెప్పు. తొందరేం లేదను. పువ్వు రాలుడు అయినంక రమ్మను."

"పువ్వు అయినంకనా?" తాత నా ముఖంలోకి చూశాడు. "ఎవలు చెప్పిండ్రనాలె బిడ్డా?"

సార్ పేరు మీద అబద్ధం ఆడేంత ధైర్యం లేదు నాకు. "నేనే చెప్పిన్నని చెప్పు" అన్నాను.

తాత తల ఊపి వెళ్లిపోయాడు. సాయంత్రం సార్ "కబురు పంపినవా?" అని అడిగితే "పంపిన సార్" అన్నాను. (అందులో అబద్ధమేమీ లేదు, చూడండి. పంపాను కదా!) ఇప్పపువ్వు ఇంకో రెండు వారాలు రాలుతుందని నా లెక్క. జింగి రాదని తెలిసినట్టు నేను తొమ్మిదో నంబరు జెర్సీని హాస్టల్ నుంచి తెప్పించుకుని రెండుసార్లు ఉతికాను. గోడక్కకు అనుమానం వచ్చింది గానీ పైకి ఏమీ అనలేదు.

తానొకటి తలిస్తే దైవం ఇంకొకటి తలిచాడు. గురువారం మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. గాలి, ఉరుములు, ఆ పైన రాళ్లవాన. నేను దండెం మీది జెర్సీ కోసం ఉరికాను. బాపు దుకాణం గడపలో నిలబడి ఆకాశం చూస్తూ "అయిపాయె. ఇగ ఈ యేడు పువ్వు లేదు" అన్నాడు. వినపడింది, కానీ తలకెక్కలేదు. పుట్టినప్పటి నుంచి ఇప్పపువ్వు బస్తాల మధ్య పెరిగినదాన్ని, ఆ వాసన తప్ప దాని సంగతి నాకేమీ తెలియదు. మబ్బుపట్టి ఉరిమితే మొగ్గలు మాడిపోయి రాలుడు ఆగిపోతుందని అడవిలో పసిపిల్లకు కూడా తెలుసు.

శనివారం పొద్దున తొమ్మిదో నంబరు వేసుకుని, జడ బిగించి, బస్టాండులో నిలబడ్డాను. వెదురు లారీ ఒకటి వచ్చి ఆగింది. దాని మీది నుంచి జింగి దూకింది.

"పువ్వు అయిపోయిందక్కా" అంది నన్ను చూడగానే. "గాలికి మొగ్గలన్ని పోయినయి. అమ్మ ఒక్కతీరుగ ఏడ్సింది. నువ్వు పువ్వు అయినంక రమ్మన్నవట గదా, అందుకే వచ్చిన."

నేను వీపును బస్టాండు గోడకు ఆనించాను. సార్ ఆమె మాట సగమే విన్నాడు. "శాబాష్! కబురు అందగనే వచ్చింది. ఆట అంటే గిట్ల ఉండాలె!" అని, నా భుజం కూడా తట్టాడు. "నువ్వు సుత శాబాష్." బస్సు చివరి సీటులో గోడక్క దుప్పటి అడ్డం పట్టుకుంటే నేను జెర్సీ విప్పి జింగికి ఇచ్చాను. "కొత్త దాని లెక్క ఉన్నది, ఎవలు ఉతికిండ్రో" అంది అది. గోడక్క దుప్పటి వెనక నవ్వింది, నాకు దుప్పటి అంతా ఊగడం కనపడింది.

మ్యాచ్ సంగతి ఎక్కువ చెప్పను, చెప్పేంత గొప్పగా నేను ఆడలేదు. చివరిదాకా ఎవరికీ గోల్ లేదు. అహేరి పిల్లలు ముగ్గురు జింగిని చుట్టుకుని ఒక్క అడుగు పడనివ్వడం లేదు. ఊరంతా, అహేరి ఊరే, "జింగీ, జింగీ" అని అరుస్తోంది. పరాయి ఊరివాళ్లకు దీని పేరు అప్పుడే ఎట్లా తెలిసిందా అని నేను కడుపుమంటతో జనం వైపు తిరిగి చూస్తున్నాను. అప్పుడే ఆ పిల్ల ముగ్గురి మధ్య నుంచి బంతిని నా వైపు తన్నింది. "అక్కా!" అని కేక వేసింది. నేను తిరిగే లోపే అది వచ్చి నా నడుముకు తగిలి, అక్కడి నుంచి గోల్‌లోకి పోయింది. నేను కిందపడ్డాను. లేచేసరికి మా జట్టంతా నన్ను దాటిపోయి జింగిని ఎత్తుకుంది. గోల్ నాదే, కాగితం మీద కూడా నా పేరే రాశారు. సార్ మాత్రం ఊరు చేరేదాకా "ఏం పాస్ ఇచ్చింది పోరి, ఏం పాస్!" అంటూనే ఉన్నాడు.

తిరుగు బస్సులో జింగి వచ్చి నా పక్కన కూర్చుంది. నా నడుము మంట, కడుపు మంట, రెండూ కలిసి ఉన్నాయి. ఇప్పుడే నిజం కక్కేసి ఆ ఒక్క బరువైనా దించుకుందామనుకున్నాను. "జింగీ, ఆ కబురు..." అన్నాను.

"గదే చెప్దామని వచ్చిన" అంది అది. "సార్ అయితే పువ్వు ఇడిసిపెట్టి రమ్మనేటోడు. హాస్టల్ల మేడం గట్లనే అన్నది. మా పువ్వు సంగతి ఎవ్వలకు పట్టది అక్కా. పువ్వు అయినంక రమ్మన్నది నువ్వొక్కదానివే. తాత చెప్తే అమ్మ నమ్మలే. గంత మంచి పిల్ల ఎవలే అన్నది."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బయట చూడడానికి ఏమీ లేదు.

గెలిచాం గానీ ‘ఏ’ గ్రూపులో మేం ఆడనేలేదు. మరుసటేడు సీటీ సార్‌కు బదిలీ అయింది, జట్టు చెదిరింది, నాకు పెళ్లయింది. జింగి మాత్రం ఆడుతూనే పోయి, చదివి, గడ్చిరోలిలో ఆటల టీచరైంది. ఇప్పటికీ నేనక్కడికి కోర్టు పని మీదో ఆసుపత్రి పని మీదో వెళితే ఇంటికి తీసుకుపోయి అన్నం పెడుతుంది. ఎదురుపడ్డ ప్రతి మనిషికీ, తన మనవరాలికి కూడా, నన్ను చూపించి ఆ కబురు కథ మొదటి నుంచీ చెబుతుంది. ఇన్నేళ్లలో నిజం చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ అది నా కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

జింగి మీద అసూయ ఎప్పుడో పోయింది. అలవాటు ఊరికే పోతుందా? ఇప్పుడు జింగి చెప్పే కథలో ఒక పిల్ల ఉంటుంది. జెర్సీ ఊసే లేకుండా, తోటిదాని పువ్వు గురించి ఆలోచించి కబురు పంపిన పిల్ల. జింగి ఆమెను అంత ప్రేమగా తలుచుకుంటుంటే పక్కన కూర్చుని వింటూ, ఈ వయసులో, ఆ పిల్లను చూసి కుళ్లుకుంటాను.