పదకొండో మంచం మందు కేసు

పున్నమ్మకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. సంతలో మిరపకాయలు తూస్తుంటే అందరూ కాటా వైపు చూసేవాళ్లు, ఆవిడ తూచేవాడి బొటనవేలు చూసేది. చర్చిలో అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేద్దామంటే ఒక కన్ను తెరిచే ఉంచేది, గుమ్మం బయట చెప్పులు ఎవరైనా తొడుక్కుపోతారేమోనని. పర్చూరు వైపు ఆ పల్లెలో ఆవిడ నోటికి అందరూ జడిసేవాళ్లు. పనికి మాత్రం వంక పెట్టినవాళ్లు లేరు. పత్తి తీతల్లో అందరికంటే ముందు నిండే ఒడి ఆవిడదే.

అలాంటి మనిషికి నోట్లో నాలుక లేని జక్రయ్య మొగుడయ్యాడు. వీపున డబ్బా కట్టుకుని పేరయ్యగారి పత్తి చేలకి పురుగుమందు కొట్టడం అతని పని. ఎనభై ఏడులో తెల్లదోమ పత్తిని పీల్చి పిప్పి చేసింది. వారానికోసారి కొట్టే మందు రెండ్రోజులకోసారి కొట్టారు. దోమ చావలేదు గానీ ఆ మందే తాగి మనుషులు చచ్చారు. ఆ ఏడు ఆ చుట్టుపక్కల ఎవరైనా కింద పడితే, ఏమైందని అడిగేవాళ్లు కాదు. ఎంత తాగాడని అడిగేవాళ్లు.

నవంబరులో జక్రయ్యకి నాలుగు రోజులు విరేచనాలు పట్టుకుని వదిలాయి. ఆ తర్వాత పది రోజులకి, ఆదివారం పూట, ఒంట్లో బాగాలేదు, చర్చికి రానన్నాడు.

"సారా కొట్టుకైతే బాగుంటదిలే," అంది పున్నమ్మ.

"నీతో పడలేనే. ఏదో ఒకటి చేసుకుంటా."

"చేసుకో, అడ్డెవరు? నీ పీడా వదులుద్ది నాకు."

మొగుడూ పెళ్లాల మాటలు, ఎవరు పట్టించుకుంటారు? మంగళవారం అతనికి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. బుధవారం పొద్దున పొలంలో గట్టు ఎక్కబోయి కూలబడి ఇక లేవలేదు. పక్క చేలో ఉన్న అంకయ్య "జక్రయ్య మందు తాగాడ్రోయ్!" అని ఊరి దాకా వినపడేట్టు అరిచాడు. మందు తాగినవాడికి ఆ ఊళ్లో చేసే వైద్యం ఒకటే. ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు, ఒకడు దవడలు విడదీశాడు, పున్నమ్మ చింతపండు కలిపిన ఉప్పునీళ్లు చెంబెడు గొంతులో పోసింది. పొద్దున తిన్న చద్దన్నం తప్ప ఏమీ రాలేదు. మందు వాసన కూడా లేదు.

"కొత్త రకం మందయ్యుంటది, వాసన రాదు," అన్నాడు అంకయ్య.

పెద్దాసుపత్రిలోనూ అంకయ్యే ముందుకెళ్లి చెప్పాడు. రాసుకునేవాళ్లు మందు కేసని రాసుకున్నారు. పదకొండో నంబరు మంచం ఇచ్చారు. ఒక కానిస్టేబులు వచ్చి ఇంట్లో గొడవలేమన్నా ఉన్నాయా అని అడిగాడు. లేవని పున్నమ్మ బొంకింది. మర్నాటికి జక్రయ్య చేతులు కూడా పడిపోయాయి. మొహం మీద కండరం కదలడం లేదు, రెప్పలు పూర్తిగా మూతపడవు, మాట ముద్దయిపోయింది.

బట్టల కోసం ఇంటికెళ్లిన పున్నమ్మ ముందుగా చూరులో దోపిన పురుగుమందు సీసా తీసి చూసింది. సగానికి పైగా తగ్గింది. మందు కొట్టేవాడి ఇంట్లో సీసా తగ్గకపోతే కదా ఆశ్చర్యపోవాలి! అంత తెలివైన మనిషికి ఆ వేళ అది తట్టలేదు. సీసాతో పాటే నేల మీద కూర్చుండిపోయింది. చేసుకోమన్నది తనే. చేసుకున్నాడు.

అప్పట్నించీ ఆవిడకి ఒకటే యావ. ఇతను తాగాడా, లేదా? బతుకుతాడా అన్నది కూడా దాని తర్వాతే. తాగి ఉంటే, ఇరవై రెండేళ్లు తనతో కాపరం చేసి, చావే నయమనుకున్నాడన్నమాట. రోజూ చెవిలో వంగి "తాగావా? నాకు చెప్పు, ఎవరికీ చెప్పను," అని అడిగేది. అతను మూతపడని కళ్లతో తేరిపార చూసేవాడు. జావ చెంచాతో పెట్టబోతే పళ్లు బిగించేవాడు. నర్సమ్మ పెడితే మెల్లగా మింగేవాడు. రెండో వారానికి నర్సమ్మతో ముద్దముద్దగా మంచినీళ్లు కూడా అడిగాడు. పెళ్లాంతో మాత్రం ఒక్క ముక్క లేదు. 'బతకాలని లేదు ఈయనకి, నామీద కసి,' అని పున్నమ్మ తీర్మానించుకుంది.

అసలు అనుమానం వచ్చింది డాక్టరు శివపార్వతికి. నరాల డాక్టరు. సుత్తితో మోకాళ్ల మీద కొట్టింది, కాళ్లు ఎగరలేదు. వచ్చిన రోజున చొంగ లేదు, చెమట లేదు, కంటిపాపలు చిన్నవి కాలేదు. మందు తాగినవాళ్ల లక్షణం ఒక్కటీ లేదు. అయినా తేల్చి చెప్పలేదు. కొన్ని మందులు తాగిన రెండు మూడు వారాలకి కూడా కాళ్లు పడగొడతాయట. ఎప్పుడో తాగి దాచాడేమో? నరాలకి కరెంటు పరీక్ష చెయ్యాలంది. మొదటి రోజుల్లో చేస్తే సరిగా తేలదని పదహారో రోజున చేశారు.

మిషను నడిపే గౌస్ బాషా జక్రయ్య పాదం మీద జిగురు రాసి బిళ్లలు అంటించాడు. చీలమండ దగ్గర చిన్న షాకు ఇచ్చాడు. తెర మీద గీత ఎగిరి పడింది. మోకాలి దగ్గర ఇంకోటి ఇచ్చి, రెండు చోట్లకీ మధ్య టేపు పెట్టి కొలిచాడు.

"కరెంటు పెట్టి నిజం కక్కిస్తారా? పోలీసోళ్ల మిషనా ఇది?" అంది పున్నమ్మ. వద్దని మాత్రం అనలేదు.

"నరం నిజం చెబుద్దమ్మా, మనిషి కాదు," అన్నాడతను నవ్వుతూ. రెండు చేతులకీ కాళ్లకీ పూర్తయ్యేసరికి గంట పట్టింది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ పున్నమ్మని పిలిచి కూర్చోబెట్టింది.

"పొలాల్లో మోటారు వైరు చూశావు కదమ్మా. లోపల తీగ, పైన తొడుగు. నరం కూడా అంతే. పురుగుమందు పాడుచేసేది లోపలి తీగని. అప్పుడు మిషన్లో గీత చిన్నదవుతుంది గానీ వేగం పెద్దగా తగ్గదు. మీ ఆయనకి వేగం సగానికి పైగా పడిపోయింది. పోయింది తొడుగు. ఇది మందు తాగిన కేసు కాదు."

"మరి ఏం పోయేకాలమండీ?"

"ఆ విరేచనాలు పట్టుకున్నాయన్నావే, ఆ రోగంతో పోట్లాడటానికి లేచిన ఒంటి కాపలాయే పొరపాటున సొంత నరాల మీద పడింది. ఈ జబ్బులోనే లోపలి తీగ పోయే రకం ఒకటుంది, అదైతే ఏళ్లు పట్టొచ్చు. ఇతనిది తొడుగు రకం. తొడుగు మళ్లీ పెరుగుతుంది. నడుస్తాడు."

సొంతవాళ్లని పరాయివాళ్లనుకునే జబ్బు ఒంటికి కూడా ఉంటుందని పున్నమ్మ ఎన్నడూ వినలేదు. డాక్టరమ్మ చేతులు రెండూ కళ్లకద్దుకుని వార్డులోకి పరిగెత్తింది. జావ గ్లాసు పట్టుకుని మంచం మీద కూలబడి, ఏడుపూ నవ్వూ కలిసిపోతుంటే చెప్పింది.

"నువ్వు తాగలేదంటయ్యా! మందు కాదంట! మిషను తేల్చేసింది!"

జక్రయ్య కళ్లు ఆవిడ చేతిలోని జావ గ్లాసు మీదకి వెళ్లాయి. పదిహేడు రోజుల తర్వాత మొదటిసారి పెళ్లాంతో నోరు విప్పాడు. ముద్దగా వచ్చినా ప్రతి మాటా తెలిసింది.

"అయితే... మందు నువ్వు పెట్టలేదా?"

పున్నమ్మకి ఒళ్లు భగ్గుమంది. ఇరవై రెండేళ్లు వండిపెట్టిన చెయ్యి! ఎంత మాటన్నాడు! వార్డు ఎగిరిపోయేట్టు అరవడానికి నోరు తెరిచింది. అప్పుడు గుర్తొచ్చింది. పదహారు రోజులుగా చెవిలో తను అడిగిందేమిటి? పీడా వదులుద్దని అన్నదెవరు? కదల్లేని మనిషికి దవడలు విడదీయించి గొంతులో పోసిందెవరు?

"లేదయ్యా," అంది. "దేవుడి తోడు, లేదు."

చెంచాతో జావ తీసి ముందు తను తాగింది. అతను చూస్తుండగా మింగింది. ఇంకో చెంచా తీసి అతని పెదాల దగ్గర పెట్టింది. జక్రయ్య ఆ చెంచా వైపూ, ఆవిడ గొంతు వైపూ కాసేపు చూసి, పళ్లు విడదీశాడు.